నా ఆభా ఓటీపీ భర్త ఫోన్‌కి వెళ్తోంది. ఏం చేయాలి?

ప్రశ్న: పెళ్లయిన కొత్తలో మావారు తన ఫోన్ నంబరుతోనే నాకు ఆభా (ఆరోగ్య రికార్డులు దాచే ప్రభుత్వ డిజిటల్ హెల్త్) ఖాతా తెరిచారు. ఏడాదిగా నేను పుట్టింట్లో ఉంటున్నాను. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న సంగతి ఆయన యాప్‌లో చూసి, ‘ఇవి కోర్టులో పెట్టి విడాకులు తీసుకుంటా’ అని బెదిరిస్తున్నారు. ఆయన చూడకుండా ఆపవచ్చా? కేసు పెట్టవచ్చా?
– ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: కేసు సంగతి తర్వాత చూద్దాం. ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తున్నంతకాలం మీ ఖాతా తాళంచెవి ఆయన జేబులోనే ఉన్నట్టు. ముందు ఆయన పంపిన బెదిరింపు మెసేజ్‌లు, రిపోర్టుల ఫొటోలు తేదీలతో సహా భద్రం చేసుకోండి, ఫోన్ మార్చకండి. రేపు వాటిని కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఆ రికార్డు ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి.

తర్వాత నంబరు మార్చండి. ఆధార్‌కూ ఆయన నంబరే ఉంటే మొదట ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లండి. వేలిముద్ర ఇస్తే చాలు, వేరే పత్రాలు అడగరు. ఆ తర్వాత ఆధార్ ఓటీపీతో ఆభాలో మీ నంబరు పెట్టుకోండి. మీ రికార్డులు చూడటానికి మీరు ఇవ్వని అనుమతులేమైనా కనిపిస్తే రద్దు చేయండి. ఆభా తప్పనిసరేమీ కాదు, వద్దనుకుంటే ఖాతానే తొలగించవచ్చు. అయితే అసలు రికార్డు ఆసుపత్రిలోనే ఉంటుంది. చాలామంది మరిచిపోయేది ఆసుపత్రి కౌంటర్‌నే. అక్కడ రిజిస్ట్రేషన్‌లో పాత నంబరే ఉంటే రిపోర్టులు వాట్సాప్‌లో ఆయనకే పోతాయి. నంబరు మార్చమని, నా వివరాలు ఎవరికీ చెప్పవద్దని రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం వైద్యులు గోప్యత పాటించి తీరాలి.

ఇక కేసు. 2023 నాటి డేటా రక్షణ చట్టం మీకు పెద్దగా ఉపయోగపడదు. సొంత, ఇంటి అవసరాలకు వ్యక్తులు వాడే డేటాకు అది వర్తించదు, పైగా అందులోని ముఖ్యమైన సెక్షన్లు 2027 మేలో గానీ అమల్లోకి రావు. అనుమతి లేకుండా మీ ఖాతా తెరిచినందుకు ఐటీ చట్టం 43, 66, 66సి సెక్షన్ల కింద ఫిర్యాదు ఇవ్వవచ్చు. మూడేళ్ల దాకా జైలు ఉంది. కాకపోతే, ఒకప్పుడు మీరే ఒప్పుకున్నారని ఆయన లాయరు వాదిస్తారు. అందుకే ‘ఇకపై నా ఖాతా తెరవవద్దు’ అని ఈ వారమే లాయరు నోటీసు పంపండి. ఆ తర్వాత తెరిస్తే ఆ వాదన నిలవదు.

ఆయన ఇప్పటికే దించుకున్న కాగితాలు కోర్టుకు రావని మాత్రం నేను భరోసా ఇవ్వలేను. భార్యాభర్తలలో ఒకరు రహస్యంగా చేసిన రికార్డింగును కూడా వైవాహిక కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కాగితం కోర్టుకు వచ్చినంత మాత్రాన విడాకులు రావు. కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రమైన జబ్బని హిందూ వివాహ చట్టం 13(1)(iii) కింద ఆయనే రుజువు చేయాలి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో స్కిజోఫ్రెనియా (తీవ్రమైన మానసిక వ్యాధి) ఉందన్న ఆరోపణకే విడాకులు ఇవ్వడం కుదరదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. మందులతో మామూలుగా ఉన్న మీరు దీనికి టెన్షన్ పడనక్కర్లేదు.

ఆయన నిజంగానే పిటిషన్ వేస్తే, మొదటి వాయిదాలోనే ఇన్‌-కెమెరా విచారణ (బయటివాళ్లను రానివ్వకుండా జరిపే విచారణ) కోరండి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒక పక్షం కోరినా అలాగే జరపాలి. లాయరు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.