పాలలో ఎన్ని రేకలు? కుంకుమపువ్వుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా వయసు 58. షుగరు, బీపీ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నాను. కుంకుమపువ్వులో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువని, రోజూ పాలలో వేసుకుంటే గుండెకీ కళ్లకీ రక్షణ అని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నిజమేనా? ఎంత వేసుకోవాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: యాంటీఆక్సిడెంట్లు ఉన్న మాట నిజమే. రంగునిచ్చే క్రోసిన్, చేదునిచ్చే పిక్రోక్రోసిన్, ఎండబెట్టేటప్పుడు ఆ చేదులోంచే పుట్టుకొచ్చే సువాసన సాఫ్రనాల్... ముఖ్యమైనవి ఈ మూడే. పరీక్షనాళికలో క్రోసిన్, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను బాగానే అణుస్తుంది. కానీ మింగిన క్రోసిన్ ఉన్నదున్నట్టు రక్తంలోకి చేరదు. పేగుల్లో దానికున్న చక్కెర భాగం తెగిపోయి, క్రోసెటిన్‌గా మారాకే ఒంటికి పడుతుంది. కాబట్టి ల్యాబ్‌లో వచ్చిన అంకెలు చూపించి గుండెకు రక్ష అనడం తొందరపాటు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో కాస్త గట్టి ఫలితం కనిపించింది మనసు విషయంలో. రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇస్తే తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్ కొంత తగ్గింది. కళ్ల సంగతికొస్తే, వయసుతో రెటీనా (కంటి లోపలి తెర) మధ్యభాగం దెబ్బతినే జబ్బు తొలిదశలో ఉన్న 25 మందికి ఇటలీలో రోజుకు 20 మిల్లీగ్రాములిచ్చి చూశారు. రెటీనా స్పందన మెరుగైందని 2010లో ప్రచురించారు. 25 మంది అంటే ఎంత చిన్న పరీక్షో మీరే చూడండి. షుగరు మీద ఫలితాలు ఒక్కతీరుగా లేవు. గుండెపోట్లు తగ్గాయని తేల్చిన పరీక్ష లేదు.

ఇక లెక్క. ఎండిన గ్రాము కుంకుమపువ్వుకు సుమారు 150 పువ్వులు కావాలి. రేకలంటే పూరేకులు కావు, పువ్వు మధ్యలోని ఎర్రటి పోగులు; పువ్వుకు మూడే. అంటే రేక బరువు రెండు మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ. మన ఇళ్లలో గ్లాసు పాలకు వేసే రెండు మూడు రేకలు ఐదారు మిల్లీగ్రాములే. పరీక్షల్లో వాడిన 30 మిల్లీగ్రాములు కావాలంటే దాదాపు 14 రేకలు పడతాయి. గ్రాము డబ్బా నెల రోజులకు సరి. రుచికి మూడు నాలుగు రేకలు వేసుకోండి, భేషుగ్గా ఉంటుంది. దాన్ని మందనుకుని మాత్రలు మానకండి. ఎక్కువ మోతాదులో బీపీ, షుగరు కొంచెం దిగవచ్చు కాబట్టి మాత్రలతో కలిస్తే కళ్లు తిరిగే ప్రమాదముంది. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు, డిప్రెషన్ మందులు వాడేవారు కుంకుమపువ్వు క్యాప్సూళ్ల జోలికి వెళ్లేముందు డాక్టరును అడగాలి. ఒక్క రోజులో ఐదు గ్రాములు దాటితే విషమే. యాంటీఆక్సిడెంట్ల కోసమే అయితే ఆ డబ్బుతో ఉసిరికాయలు, జామకాయలు, మునగాకు కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: మా అమ్మాయికి ఐదో నెల. బిడ్డ తెల్లగా పుడుతుందని వాళ్ల అత్తగారు రోజూ కుంకుమపువ్వు పాలు ఇస్తున్నారు. ఫర్వాలేదా?
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులు నిర్ణయిస్తాయి, పాలు కాదు. రెండు మూడు రేకలతో హాని లేదు. మోతాదు బాగా పెరిగితే గర్భాశయం ముడుచుకునే ప్రమాదముంది కాబట్టి చిటికెలతో వేయొద్దనీ, క్యాప్సూళ్లు అసలే వద్దనీ వియ్యపురాలికి నచ్చజెప్పండి. ఇంకొకటి: ఐరన్ మాత్ర ఆ పాలతో వేసుకోకూడదు. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రెండు గంటల తేడా ఉంచండి.

ప్రశ్న: పూర్ణా మార్కెట్‌లో కొన్న కుంకుమపువ్వును నేతిలో వేయించి పాయసంలో వేశాను. రంగూ లేదు, వాసనా లేదు. నకిలీదా?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: నెయ్యి మీదే ముందు అనుమానం. క్రోసిన్ నీటిలో కరుగుతుంది, నేతిలో కరగదు. సాఫ్రనాల్ వేడికి ఎగిరిపోతుంది. ఈసారి పది రేకలను అర చెంచా పంచదారతో చిన్న రోట్లో మెత్తగా నూరి, రెండు చెంచాల గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టండి. పాయసం దించాక ఆ నీళ్లతో సహా కలపండి. నేరుగా పాలలో వేసినా దిగుతుంది గాని, నీటిలో ముందుగా నానితే రంగు తొందరగా వస్తుంది.

నకిలీ తేల్చుకోవడానికి నాలుగు రేకలు చల్లటి నీళ్లలో వేయండి. అసలుదైతే బంగారు పసుపు మెల్లగా, పది పదిహేను నిమిషాలకు దిగుతుంది. రేక ఎర్రగానే ఉంటుంది. వేసిన వెంటనే నీళ్లు ఎర్రబడి రేక పాలిపోతే అది రంగు పూసిన మొక్కజొన్న పీచో మరొకటో. నానిన రేకను విప్పి చూడండి: అసలుది ఒక చివర సన్నగా, మరో చివర బాకా నోరులా విచ్చుకుని, అంచున చిన్న గాట్లతో ఉంటుంది. నకిలీగా కలిపే కుసుమపువ్వు సన్నటి గొట్టంలా ఉండి చివర అయిదుగా చీలుతుంది. నాలుక మీద చేదుగా తగలాలి. తియ్యగా ఉంటే బరువు కోసం పాకమో తేనో పట్టించారన్నమాట. కాగితం మధ్య నొక్కితే జిడ్డు మరక పడినా అదే కథ, అక్కడ నూనె.

ప్రశ్న: డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాలా? – ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: అక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి డబ్బాను మన సముద్రపు గాలిలో తెరిస్తే రేకల మీద చెమ్మ చేరుతుంది. గట్టి మూతున్న చిన్న గాజు సీసాలో, వెలుతురు తగలని అలమరలో, పొయ్యికి దూరంగా ఉంచండి. వెలుతురుకు క్రోసిన్ పాడవుతుంది. తడి చెంచా పెట్టొద్దు. గ్రాముకు మించి ఒకేసారి కొనొద్దు, ఏడాదిలోపు వాడేయండి. బాగున్న రేక వేళ్ల మధ్య పుటుక్కున విరుగుతుంది. వంగుతోందంటే తేమ పట్టింది. బూజు వాసన కూడా ఉంటే పారేయాల్సిందే.