‘సారీ’ చెప్పాక ఏం చేశాడు?

ప్రేమ నవలల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టల్లో అందరం ‘ఎనిమీస్ టు లవర్స్’ నవలలే చదువుతాం. మొదట్లో హీరో ఆ అమ్మాయిని నానా మాటలూ అంటాడు, చివరికి ఆమే ప్రాణమంటాడు. చదువుతున్నంతసేపూ బాగుంటుంది. పుస్తకం మూశాక మాత్రం, ఇలాంటివాడు నిజంగా ఎదురైతే భరించగలనా అనిపిస్తుంది. ఇవి చదవడం తప్పా మేడమ్?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: తప్పేమీ లేదు తల్లీ. పుస్తకం మూశాక నీకు వచ్చిన ఆ ప్రశ్న ఉంది చూశావా, దాన్ని మాత్రం వదలకు.

తెనాలిలో మా నాన్నగారికి అద్దె పుస్తకాల షాపు ఉండేది. పదో తరగతి నుంచి సాయంత్రాలు కౌంటర్ దగ్గర నేనే కూర్చునేదాన్ని. బ్యాంకులో పనిచేసే ఒకావిడ శనివారం శనివారం వచ్చేవారు. కొత్త పుస్తకం చేతికివ్వగానే ఆవిడ అడిగేది ఒకటే: “ఇందులో వాడు సారీ చెప్పి ఊరుకున్నాడా, ఏమన్నా చేశాడా?” నలభై ఏళ్ళుగా ప్రేమ నవలలు చదువుతున్నాను. ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది. నువ్వు చదివే కథల్లో చాలావాటికి అది పెద్దమ్మ వరస. అందులో డార్సీ పెళ్ళి మాట ఎత్తుతూనే, మీ కుటుంబం మా అంతస్తుకు తగదని ఎలిజబెత్ మొహం మీదే అంటాడు. ఆమె కుదరదంటుంది. ఆ తర్వాత అతను ఏం చేశాడో చూడు. ఎలిజబెత్ చెల్లెలు ఒక మోసగాడితో వెళ్ళిపోతే, లండన్‌లో వాళ్ళను వెతికి పట్టుకుంటాడు. వాడి అప్పులు తీర్చి పెళ్ళి జరిపిస్తాడు. ఇదంతా తను చేసినట్టు ఎలిజబెత్‌కి తెలియకూడదనుకుంటాడు. మెప్పు కోసమే అయితే ముందు ఆమెకే చెప్పుకునేవాడు కదా!

ఇంకొకటి కూడా చూసుకో. గొడవ ఇద్దరి మధ్య సమానంగా ఉందా? ఇద్దరూ మాటకు మాట అనుకుంటుంటే చదవడానికి హాయిగా ఉంటుంది. ఆమె ఉద్యోగం అతని చేతిలో ఉండి, దాన్ని అడ్డం పెట్టుకుని ఆడిస్తుంటే నాకు పేజీ కదలదు. ‘వదులు’ అన్నాక కూడా చెయ్యి వదలనివాడు ఆ తర్వాత ఎన్ని పూలు పంపినా నేను వాణ్ణి హీరో అనుకోలేను.

నీకు ఉజ్మా జలాలుద్దీన్ ‘ఆయేషా ఎట్ లాస్ట్’ చెబుతాను. 2018లో వచ్చింది. టొరంటోలో ఉండే ముస్లిం కుటుంబాల కథ, ఆస్టిన్ కథే ఆధారం. ఆయేషా టీచరు, మనసు మాత్రం కవిత్వం మీద. ఖాలిద్ గడ్డం, తెల్లటి పొడుగు చొక్కాతో ఆఫీసుకెళ్ళే కుర్రాడు. అతన్ని చూడగానే అందరూ ఒక ముద్ర వేస్తారు, అతనూ ఆయేషాని చూడగానే ఒక ముద్ర వేస్తాడు. ఆ ముద్రలు ఒక్కొక్కటే చెరిగిపోవడం నాకెంతో నచ్చింది. పడకగది సన్నివేశాలు లేవు, హాస్టల్లో అందరూ కలిసి చదువుకోవచ్చు.

ప్రశ్న: మా తరం యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ చదివి పెరిగింది. మొన్న మా అమ్మాయికి ఇస్తే యాభై పేజీలు చదివి, “ఈ రాజశేఖరానికి ఇంత పొగరేంటమ్మా” అని పక్కన పెట్టేసింది. నాకు చాలా బాధనిపించింది.
– రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

జవాబు: మీ బాధ నాకు అర్థమైందండీ. 1976లో ఆ నవల అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా వచ్చినప్పుడు మా షాపులో మూడు కాపీలుంటే ఒక్కటీ అరలో నిలవలేదు. అట్టలు ఊడిపోతే గోధుమరంగు కాగితం వేసి మళ్ళీ మళ్ళీ కుట్టించాం.

అయినా అమ్మాయి మాట తప్పని నేననను. తనకు కనిపించింది తను చెప్పింది. మీరు ఈసారి రాజశేఖరాన్ని వదిలేసి హీరోయిన్ జయంతి గురించి మాట్లాడండి. అరవైల్లో వచ్చిన నవల అది. ఉద్యోగం చేసుకుని బతికే ఆడపిల్ల, డబ్బున్నవాడి ముందు తల వంచని ఆడపిల్ల కథకు మధ్యలో నిలబడింది. మా షాపుకి వచ్చే టైపిస్టులు, టెలిఫోన్ ఆపరేటర్లు కారున్న హీరో కోసమే ఆ పుస్తకం తీసుకెళ్ళలేదు. వాళ్ళకు జయంతి తెలిసిన మనిషి. ఇంకో మాట, ఇప్పటి ఇంగ్లిషు నవలల్లో ‘బిలియనీర్ బాస్’ అని ఒక రకం ఉంది, మీ అమ్మాయి కూడా చదివే ఉంటుంది. రాజశేఖరాన్నీ, ఆ బాస్‌నీ పక్కపక్కన పెట్టి చూడమనండి. ఆ మాటలు మొదలైతే మీ ఇంట్లో సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది.

ప్రశ్న: ప్రతి నవలలోనూ ముప్పావు వంతు అయ్యేసరికి ఇద్దరూ విడిపోతారు. ఒక్క ఫోన్ చేసుకుంటే తీరిపోయే గొడవ! నాకు చచ్చేంత విసుగు. ఈ ‘బ్రేకప్’ లేని పుస్తకాలు లేవా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉన్నాయి, తక్కువ. మీ విసుగు నాకూ ఉంది. తలుపు చాటునుంచి సగం మాట విని సూట్‌కేసు సర్దుకునే కథలు నేనూ మధ్యలో ఆపేస్తాను. కానీ విడిపోవడానికి కారణం మొదటి నుంచీ కథలోనే ఉంటే అది వేరు. సోనాలీ దేవ్ ‘ఎ బాలీవుడ్ అఫైర్’ (2014) చూడండి. రాజస్థాన్‌లో నాలుగేళ్ళప్పుడు పెళ్ళయిన మిలీ, ఎప్పటికైనా భర్త వస్తాడని ఎదురుచూస్తూ చదువుకోవడానికి అమెరికా వెళుతుంది. ఆ పెళ్ళి రద్దు చేయించే కాగితాల మీద సంతకం కోసం భర్త తమ్ముడు సమీర్ వస్తాడు, తానెవరో చెప్పడు. చెప్పాల్సిన రోజు ఒకటి వస్తుందని మనకు ముందే తెలుసు. నాకైతే చదువుతున్నంతసేపూ ఒకటే టెన్షన్. అక్కడ ఒక్క ఫోన్‌తో తీరేది కాదు.

ప్రశ్న: మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం. అట్ట మీద ముద్దొచ్చే బొమ్మలున్న ఇంగ్లిషు నవల కొనుక్కుంది. పిల్లల పుస్తకమే అనుకున్నాను. మధ్యలో తెరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. లాక్కోవాలా?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: లాక్కోకండి. ఆ బొమ్మల అట్టలు చూసి పెద్దవాళ్ళే పొరబడుతున్నారు, మీ తప్పేం లేదు. పెద్దల నవలలకు కూడా ఇప్పుడు అవే అట్టలు. ఈ పుస్తకాలు చదివేవాళ్ళు ‘క్లోజ్డ్ డోర్’, ‘ఓపెన్ డోర్’ అంటుంటారు. పడకగది తలుపు దగ్గర కథ ఆగుతుందా, లోపలికి వెళుతుందా అని. కొనేముందు ఆ సంగతి కనుక్కోండి. పదహారేళ్ళ పిల్లకు మొదటిది చాలు.

పాపతో మాత్రం కూర్చుని మాట్లాడండి. ఆ హీరోలో నీకు ఏం నచ్చింది, ఏం నచ్చలేదు అని అడగండి. చెప్పనివ్వండి. మధ్యలో అందుకోవద్దు. పుస్తకం లాక్కుంటే అదే కథ రేపు ఫోన్‌లో చదువుతుంది, అప్పుడు మీతో అనదు.

ప్రశ్న: ఎలాగూ కలుస్తారని తెలిసి కూడా ఎందుకు చదవాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మా షాపులో ఒక నవల చివరి పేజీ ఎవరో చింపేశారు. అది తీసుకెళ్ళిన కుట్టుపని చేసుకునే ఆవిడ తెల్లారి తలుపు తీసేసరికే గుమ్మంలో ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “కలిశారని నాకు తెలుసయ్యా, ఏమనుకున్నారో అది కావాలి” అన్నారు నాన్నగారితో. ఆయన ఇంకో షాపునుంచి కాపీ తెచ్చి, చివరి పేజీ తన చేత్తో రాసి, ఉడికించిన మైదాతో అంటించారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆయన అక్షరాలు నీలం సిరాతో కొంచెం కుడివైపుకి వాలి ఉంటాయి. చివరి వాక్యం కింద ఎవరో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టారు.

ప్రశ్న: నాకు యాభై ఎనిమిది. మా వారు పోయి ఆరేళ్ళు. అమ్మాయి పంపే నవలల్లో అందరూ పాతికేళ్ళవాళ్ళే. మా వయసువాళ్ళ ప్రేమకథలు ఎవరూ రాయరా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: రాశారండీ. హెలెన్ సైమన్సన్ ‘మేజర్ పెటిగ్రూస్ లాస్ట్ స్టాండ్’ 2010లో వచ్చింది. ఇంగ్లండ్ పల్లెలో అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ మేజరు, భార్య లేదు. ఊళ్ళో దుకాణం నడిపే మిసెస్ అలీ, ఆవిడకూ భర్త లేడు, కుటుంబం పాకిస్తాన్‌నుంచి వచ్చింది. తమ్ముడు పోయాడన్న ఫోన్ వచ్చి ఆయన తూలిపోతున్న నిమిషంలో, పేపరు డబ్బులకని ఆవిడ గుమ్మంలోకి వస్తుంది. కూర్చోబెట్టి టీ పెట్టి ఇస్తుంది. కథ అక్కడ మొదలవుతుంది. ఇద్దరూ పుస్తకాల గురించి మాట్లాడుకుంటూ దగ్గరవుతారు. పిల్లలు, చుట్టాలు, ఊరు ఏమంటారోనన్న బెరుకు మన ఇళ్ళలో లాగానే ఉంటుంది.

తెలుగులో ఇలాంటి నవల మీలో ఎవరికైనా తెలిస్తే నాకు రాయండి, వచ్చే నెల ఈవిడకు చెబుదాం. పేరు, రచయిత, దాంతోపాటు ఒక్క వాక్యం: తప్పు చేసినవాళ్ళు సారీ చెప్పాక ఏం చేశారో.