‘కాస్త ప్రూఫులు చూసి పెట్టండి’ అంటే ఎంత పని?

ఇంట్లో కూర్చొని పుస్తకాల భాష సరిచేసే పని గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. నెల్లూరులో నేను ఏళ్లుగా చేస్తున్నది ఇదే. అందుకే వాటిలో నాలుగింటికి ఇక్కడే జవాబు రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు చదివాను. పాప చిన్నదని ఉద్యోగం మానేసి ఇంటి నుంచే ఎడిటింగ్ చేస్తున్నాను. రిటైరైన ఒక అధికారి తన ఆత్మకథ ఇచ్చి ‘కాస్త ప్రూఫులు చూసి పెట్టమ్మా’ అన్నారు. తీరా మొదలుపెట్టాక సగం వాక్యాలు తిరగరాయాల్సి వచ్చింది. డబ్బులు మాత్రం ప్రూఫుల లెక్కనే ఇచ్చారు. ఎక్కువ అడగడానికి మొహమాటమేసింది. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: అమ్మా, ఆయన కావాలని తక్కువ ఇచ్చి ఉండరు. మన దగ్గర రాసేవాళ్లలో చాలామందికి తెలిసిన పేరు ప్రూఫులు ఒక్కటే. అక్షరం తప్పు దిద్దినా, అధ్యాయం మొత్తం మార్చి రాసినా వాళ్ల నోట ఆ మాటే వస్తుంది. కాబట్టి పని ఒప్పుకునే ముందు ఏది చేస్తారో, ఏది చేయరో విడమరచి చెప్పాల్సింది మీరే.

ప్రూఫులు చూడటమంటే పేజీలు కట్టిన తర్వాత అచ్చుతప్పులు పట్టుకోవడం. కాపీ ఎడిటింగ్‌లో వ్యాకరణం, తేదీలు, పేర్లు, ఒకే మాటను పుస్తకమంతా ఒకేలా రాశారా లేదా అన్నవి చూస్తాం. లైన్ ఎడిటింగ్ అంటే వాక్యం దగ్గర కూర్చోవడం. రచయిత అనుకున్నది ఆ వాక్యంలోంచి పాఠకుడికి చేరుతోందా, చేరకపోతే ఎక్కడ ఆగిపోతోంది అని చూడటం. మీరు ఆ ఆత్మకథకు చేసింది ఈ మూడో పని.

రచయితకు తేడా చెప్పాలంటే ఒక వాక్యం చూపించండి. ‘చనిపోయిన మా తాతగారి స్నేహితుడు ఆ రోజు మా ఇంటికి వచ్చాడు.’ ప్రూఫులు చూసేవాళ్లకు ఇందులో తప్పు కనిపించదు, అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ చనిపోయింది తాతగారా, స్నేహితుడా? ‘తాతగారు చనిపోయాక ఒకరోజు ఆయన స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు’ అని మార్చడం వాక్యం పని. ఇది చూపిస్తే ఎవరికైనా తేడా వెంటనే అర్థమవుతుంది, మీరు వాదించాల్సిన అవసరం రాదు.

ఇక రేటు. రచన మొత్తం చూడకుండా, నమూనా చేయకుండా రేటు చెప్పకండి. ఐదు పేజీలు నమూనాగా తీసుకోండి. అవి మధ్యలోంచి తీయాలి. మొదటి పేజీలను రచయితలు పదిసార్లు దిద్దుకొని ఉంటారు, వాటిని చూసి లెక్కవేస్తే యాభయ్యో పేజీ దగ్గర ఇబ్బంది పడతారు. ఆ ఐదు పేజీలకు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. గంటకు మీకు 300 రూపాయలు రావాలనుకుంటే, గంటకు నాలుగు పేజీలు సాగే రచనకు పేజీకి 75 పడుతుంది. గంటకు పది పేజీలు సాగేంత శుభ్రంగా ఉంటే 30 చాలు. బాగా రాసిన మనిషికి తక్కువ తీసుకోవడం న్యాయం, ఆ మాట వాళ్లకు చెబితే సంతోషిస్తారు కూడా.

పేజీ అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోండి. ఒకరు ఏ4 సైజులో సన్న అక్షరాలతో నింపి పంపుతారు, మరొకరు పుస్తకం సైజులో వరసల మధ్య బోలెడు ఖాళీ వదిలి పంపుతారు. ఇంగ్లీషు ఎడిటర్లలో 250 పదాలను ఒక పేజీగా పట్టుకునే అలవాటుంది. దాన్ని తెలుగుకు తెచ్చుకుంటే మనం నష్టపోతాం. ‘వెళ్లిపోవాలనుకుంటున్నానని’ అన్నది మనకు ఒకే పదం, ఇంగ్లీషులో అది ఆరేడు పదాల పని. అందుకని నేను 150 తెలుగు పదాలను ఒక పేజీగా పెట్టుకున్నాను. మీరు వేరే అంకె పెట్టుకోవచ్చు, కానీ ఒక అంకె అంటూ ఉండాలి.

ఇవన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌లో రాసి పంపి, ‘సరే’ అని జవాబు తీసుకోండి. ఏ పని చేస్తారు, పేజీకి ఎంత, అడ్వాన్సు ఎంత, ఎన్ని విడతలు, ఎప్పటికి ఇస్తారు. నేను సగం ముందు తీసుకుంటాను. విడతలు రెండే: నేను దిద్ది పంపుతాను, రచయిత చూసి ప్రశ్నలకు జవాబులిస్తే దాన్ని బట్టి మరోసారి చూస్తాను. ఆ తర్వాత కొత్త అధ్యాయం కలిపితే అది కొత్త పని. మొహమాటం అన్నారు కదా, పెద్దవాళ్లతో డబ్బు మాట నోటితో అనడం మన ఊళ్లలో కష్టమే. రాసి పంపడం వల్ల ఆ ఇబ్బంది చాలా తగ్గుతుంది.

ఇంకొక సంగతి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరు ప్రాంతంలో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో ఉంటాయి. వాటికి పుస్తకం అందాలని అక్టోబరు నుంచి అందరూ ఒక్కసారిగా తరుముతారు. అప్పుడు వచ్చిన ప్రతి పనీ ఒప్పుకుంటే ఏ పుస్తకానికీ న్యాయం జరగదు. ఇంట్లో చంటిపాప ఉంది కాబట్టి రోజుకు ఎన్ని పేజీలు మీ వల్ల అవుతాయో చూసుకొని గడువు చెప్పండి. వాక్యాల పని అలసిన బుర్రతో చేసేది కాదు. నేను మధ్యాహ్నం భోజనం తర్వాత కొత్త పేజీలు ముట్టుకోను, పొద్దున చేసినవే మళ్లీ చదువుతాను.

ప్రశ్న: అద్దంకి దగ్గర పల్లెల్లో టీచరుగా పనిచేశాను. మా ఊరి జ్ఞాపకాలు పుస్తకంగా రాసి ఎడిటింగ్‌కు ఇచ్చాను. తిరిగి వచ్చాక చూస్తే మా అమ్మ మాటల్ని కూడా పేపర్ల భాషలోకి మార్చేశారు. తప్పు ఎక్కడా లేదు, కానీ అందులో మా అమ్మ లేదు. అలా మార్చే హక్కు ఎడిటర్‌కు ఉందా? (ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

జవాబు: లేదు మాస్టారూ. మీ ఉత్తరం చదివి చాలాసేపు బాధపడ్డాను.

మీ అమ్మగారు ‘యాడికి పోతుండావురా ఈ ఎండలో’ అని ఉంటే, దాన్ని ‘ఈ ఎండలో ఎక్కడికి వెళ్తున్నావురా’ అని మార్చిన వ్యక్తి మీ పుస్తకంలోంచి ఒక మనిషిని తీసేసినట్టే. మాటకు మాట సరిపోయింది కదా అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల మాటకు దాని వ్యాకరణం దానికుంది. ‘పోతుండావు’ అనే మనిషి ‘వస్తుండాడు’ అంటుంది, ‘ఎట్టా’ అంటుంది. ఎడిటర్ చూడాల్సింది ఆ మాట ఆ మనిషి నోట పుస్తకమంతా నిలబడిందా అని. ఇరవయ్యో పేజీలో ‘పోతుండావు’ అన్న అమ్మ నలభయ్యో పేజీలో ‘వెళ్తున్నావు’ అంటే, అప్పుడు కూడా దిద్దకూడదు, పక్కన ప్రశ్న రాయాలి: ‘ఇక్కడ ఎదురుగా హెడ్‌మాస్టరు ఉన్నారు కాబట్టి అమ్మ అలా మాట్లాడారా, లేక రాయడంలో మారిందా?’ జవాబు మీకే తెలుస్తుంది. ఒక్కోసారి ఆ తేడాలోనే అసలు కథ ఉంటుంది.

తిక్కన గారి గురించి మా ఊళ్లో చెప్పుకునే కథ మీకు తెలిసే ఉంటుంది. ఆయన భారతం చెబుతుంటే గురునాథుడు రాసేవాడట. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతులు చెప్పే ఘట్టంలో పద్యం ఒకచోట సాగక, తిక్కన ‘ఏమి చెప్పుదుం గురునాథా’ అన్నాడట. గురునాథుడు దాన్నే రాసేసుకున్నాడు. ‘చెప్పుదున్, కురునాథా’ అని విడదీస్తే సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టు పద్యంలో సరిగ్గా అమరింది. జరిగిందో లేదో గానీ, నాకు ఈ కథలో గురునాథుడంటే గౌరవం. కవి నోటి నుంచి వచ్చిన మాట అప్పటికే సరిగ్గా ఉందని గుర్తుపట్టాడు, పెన్ను పెట్టి చెరపలేదు. మా పనిలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

అయితే మాస్టారూ, ఎడిటర్ మార్చినవన్నీ తోసేయకండి. మీరు సొంతంగా చెప్పే చోట ‘పాఠశాల నిర్మించబడినది’, ‘ఆయన మంచి స్వభావాన్ని కలిగి ఉన్నారు’ లాంటివి ఉంటే (ఆఫీసు కాగితాలు రాసీ రాసీ ఉపాధ్యాయుల చేతికి ఇవి అలవాటవుతాయి), వాటిని ‘బడి కట్టారు’, ‘ఆయన మంచివారు’ అని మారిస్తే మీ పుస్తకానికి మేలే. దిద్దుబాట్లు కనిపించేలా ట్రాక్ ఛేంజెస్‌తో ఉన్న ఫైలు అడగండి. అందులో ప్రతి మార్పును ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. సంభాషణలన్నిటిలో కాదనేయండి, మిగతా చోట్ల ఒక్కొక్కటీ చదివి నిర్ణయించుకోండి. ఆ ఫైలు ఇవ్వలేమంటే మీ అసలు ప్రతినీ వాళ్ల ప్రతినీ వర్డ్‌లో కంపేర్ చేస్తే తేడాలన్నీ బయటికి వస్తాయి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయితే. భాష సరిచేసినందుకు ఎడిటర్‌కు రచన మీద హక్కు రాదు. చివరి మాట మీదే.

ప్రశ్న: డిగ్రీ పూర్తి కాలేదు. కందుకూరులో డీటీపీ సెంటర్‌లో చాలాకాలంగా చేస్తున్నాను. టైపు చేస్తుంటే వాక్యంలో తేడా తెలుస్తుంది కానీ ఎందుకు తప్పో చెప్పలేను. నేను ఈ పనిలోకి రావచ్చా? (ఒక డీటీపీ ఆపరేటర్)

జవాబు: రావచ్చు తమ్ముడూ. తేడా చెవికి తెలియడం ముఖ్యం, అది మీకుంది. కారణం చెప్పడం మాత్రం నేర్చుకోవాలి. ఎందుకంటే రచయిత అడుగుతాడు, ‘నాకు అలా అనిపించింది’ అంటే ఒప్పుకోడు.

ఒక ఉదాహరణ. ‘అమ్మ వంట చేసి మేం తిన్నాం’ అన్నది చెవికి తగులుతుంది. ‘చేసి’, ‘వచ్చి’, ‘చూసి’ లాంటి రూపాన్ని క్త్వార్థకం అంటారు. మామూలుగా ఆ పని చేసినవారూ చివరి క్రియకు కర్తా ఒకరే కావాలి. ఇక్కడ వండింది అమ్మ, తిన్నది మేం. ‘అమ్మ వంట చేశాక మేం తిన్నాం’ అంటే సరిపోతుంది. కానీ ‘వానలు కురిసి నెల్లూరు చెరువు నిండింది’ అన్న వాక్యాన్ని ఇదే నియమం చెప్పి దిద్దకండి. కర్తలు వేరైనా మొదటి పని వల్ల రెండోది జరిగింది, కాబట్టి అది ఒప్పే. నియమం ఎక్కడ ఆగుతుందో తెలిసేదాకా దాన్ని ప్రయోగించకూడదు.

వేటపాలెంలో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ గారు వాడుక భాష గురించి, పత్రికల భాష గురించి రాసినవి చదవండి. పత్రికకు పనికొచ్చిన నియమాన్ని నవల మీద యథాతథంగా రుద్దవద్దు, అంతే. మాట మీద అనుమానం వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. ప్రతి పుస్తకానికీ ఒక స్టైల్ షీట్ పెట్టుకోండి: ‘వెళ్లాడు’నా ‘వెళ్ళాడు’నా, ఒక పాత్రను ‘ఆయన’ అనాలా ‘అతను’ అనాలా, ఊళ్ల పేర్లు ఎలా రాయాలి.

డీటీపీ తెలిసినవాళ్లకు ఉండే బలం వేరేది. రచయిత యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగు అక్షరాల్లో) పంపుతాడు, ప్రెస్సులో అచ్చుకు వాడే ‘అను’ ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది, కొటేషన్ గుర్తులు తిరగబడతాయి, కొన్ని వత్తులు మాయమవుతాయి. ఎడిటింగంతా యూనికోడ్‌లోనే ముగించి, మార్చాక మళ్లీ ఒకసారి ప్రూఫులు చూడాలని మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ మధ్య పెద్దవాళ్లు ఫోన్‌లో మాట్లాడి టైపు చేయించి పంపుతున్నారు. వాటిలో వాక్యం ఎక్కడ ముగిసిందో తెలియదు, ఒక మాట బదులు ఇంకో మాట పడి ఉంటుంది. అలాంటివి వస్తే ఊహించి దిద్దకుండా ఫోన్ చేసి రచయితతో చదివించుకోండి.

ప్రశ్న: ఒక సంస్థకు ఎడిటింగ్ చేసి బిల్లు పంపితే పది శాతం కోసి ఇచ్చారు. ఆ డబ్బు పోయినట్టేనా? జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: పోలేదమ్మా. వృత్తి ఫీజు కింద ఇచ్చే డబ్బులో సంస్థలు పది శాతం టీడీఎస్ (ముందే కోసి మీ పేరున ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటాయి. పాన్ నంబరు ఇవ్వకపోతే ఇరవై శాతం పోతుంది, కాబట్టి బిల్లు మీదే పాన్ రాయండి. మీ ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. జీఎస్టీ గురించి కూడా టెన్షన్ పడినట్టున్నారు. ఏడాదికి మన రాబడి 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ముందుగా ఆ సంస్థను టీడీఎస్ సర్టిఫికెట్ అడగండి, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పాన్ మీద ఆ మొత్తం పడిందో లేదో చూడండి. పడకపోతే వాళ్ల అకౌంట్స్ విభాగానికి బిల్లు నంబరు, తేదీ రాసి మెయిల్ పెట్టండి.