వెయ్యి మందిని అడిగితే దేశం మాట తెలుస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అమెరికాలో 2028 అధ్యక్ష ఎన్నికలకు పార్టీల అభ్యర్థులు ఎవరో తేలాలంటే ఇంకా చాలా మెట్లు ఎక్కాలి. ఎవరికి ఎంత శాతమో చెప్పే సర్వేలు మాత్రం 2025 నుంచే వస్తున్నాయి. పిల్లలు అక్కడ స్థిరపడిన ఇళ్లు కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే. అనంతపురంలో గణాంక శాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, సెలవుల్లో సర్వే బృందాలతో పల్లెలు తిరిగినదాన్ని. ఈ విషయం నాకు ప్రాణం. కొన్నిచోట్ల కోపం కూడా.

అమెరికా పౌరసత్వం వచ్చిన మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. వాళ్ల పార్టీలో ఫలానా ఆయన 24 శాతంతో ముందున్నాడు, రెండో ఆయనకు 20 శాతమే అంటాడు. అడిగింది వెయ్యి మందినే అట. కోట్ల మంది ఓటర్లకు వెయ్యి మంది ఏ మూలకు?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

అమ్మా, వెయ్యి చాలు. ప్రతి ఓటరుకూ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండేలా వెయ్యి మందిని తీసుకుంటే, వచ్చిన శాతం నూటికి తొంభై అయిదు సార్లు అసలు శాతానికి మూడు అటూ ఇటూగా ఉంటుంది. ఓటర్లు కోటి మంది అయినా పదిహేను కోట్ల మంది అయినా ఆ మూడు దాదాపుగా మారదు. మార్కెట్ యార్డులో వేరుశనగ కొనేవాళ్లు బస్తా పెద్దదని గుప్పిళ్లు ఎక్కువ తీయరు. పైపైన తీశారా, అడుగు దాకా చెయ్యి పోనిచ్చి తీశారా అన్నదే వాళ్లకు ముఖ్యం.

పైపైన తీస్తే ఏమవుతుందో 1936లో తేలిపోయింది. ‘లిటరరీ డైజెస్ట్’ అనే అమెరికా పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల వంటివి పట్టుకుని దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 23 లక్షల పైచిలుకు తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి, అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని రాసింది. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో ఆలోచించండి. కార్డు అందినవాళ్లలోనూ తిరిగి పంపింది నాలుగో వంతే. ఆయన ప్రత్యర్థి రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతకన్నా చాలా తక్కువ మందిని అడిగిన జార్జ్ గాలప్ మాత్రం గెలిచేది రూజ్వెల్టేనని ముందే చెప్పాడు.

ఇక మీ అబ్బాయి చెప్పిన 24, 20 సంగతి. అడిగిన వెయ్యి మందిలో అన్ని పార్టీల వాళ్లూ, ఏ పార్టీకీ చెందనివాళ్లూ ఉంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన ఆ పార్టీ వాళ్లు అందులో నాలుగు వందల మందే ఉండవచ్చు. నాలుగు వందల మందిలో 24కూ 20కీ ఉన్న తేడా మీద ఎవరు ముందున్నారో చెప్పడానికి వీల్లేదు. వార్తలో పెద్దక్షరాల కింద ఆ చిన్న అంకె ఎక్కడో ఉంటుంది. మీ అబ్బాయిని అది వెతకమనండి.

మన పార్టీల్లో టికెట్ ఎవరికో అధిష్ఠానం చెబుతుంది. అక్కడ మామూలు ఓటరు చెబుతాడా?
– ఒక పత్తి వ్యాపారి, ఆదోని

చెబుతాడు. అయితే మొదటి నుంచీ అలా లేదండి. 1968లో డెమొక్రాటిక్ పార్టీ చికాగో మహాసభలో హ్యూబర్ట్ హంఫ్రీని అభ్యర్థిగా నిలిపింది. ఆయన ఆ ఏడాది ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రాల్లో ఓటర్లు బ్యాలెట్ వేసే ఎన్నికల్లో, పోటీయే చేయలేదు. సభ లోపల రభస జరిగింది, బయట వీధుల్లో పోలీసు లాఠీలు లేచాయి. ఆ తర్వాత నిబంధనలు మార్చారు. 1972 నుంచి రాష్ట్రాల్లో జరిగే ప్రైమరీలు, పార్టీ ఓటర్లు ఒకచోట కూడి ఎంచుకునే కాకస్ సభలే అభ్యర్థిని తేలుస్తున్నాయి.

మన దగ్గర ఫోను మోగుతుంది, రికార్డు చేసిన గొంతు ఫలానా ఆయన అభ్యర్థి అయితే ఒకటి నొక్కమంటుంది. 2022 జనవరిలో పంజాబ్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ ఒక నంబరు ఇచ్చి, ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరు కావాలో చెప్పమంది. 21 లక్షలకు పైగా స్పందనలు వచ్చాయని, 93 శాతం భగవంత్ మాన్‌నే కోరారని ప్రకటించింది. దాన్ని ప్రైమరీ అనలేం, సర్వే అని కూడా అనలేం. తమంతట తాము ఫోను చేసినవాళ్లను సర్వే సంస్థ ఎంచుకోలేదు. ప్రైమరీలోలాగా ఓటరు జాబితా, బ్యాలెట్, ప్రభుత్వ యంత్రాంగం పర్యవేక్షణ లేవు. లెక్క పార్టీ చేతిలోనే ఉంది.

2008లో న్యూహాంప్‌షైర్‌లో, 2016లో మిచిగన్‌లో ప్రైమరీ సర్వేలు బోల్తా పడ్డాయని చదివాను. సిద్ధాంతం సరైనదైతే అలా ఎందుకు జరుగుతుంది?
– గణాంక శాస్త్రం విద్యార్థి, కర్నూలు

నాయనా, అసలు ప్రశ్న అడిగావు. ప్రైమరీ సర్వే రెండు విషయాలు కనుక్కోవాలి. ఎవరికి వేస్తావు అన్నది ఒకటి, అసలు వేయడానికి వెళ్తావా అన్నది రెండు. మొదటిదానికి జనం చాలావరకు నిజమే చెబుతారు. రెండోదానికి, వెళ్లనివాళ్లు కూడా వెళ్తామనే అంటారు. నవంబరులో జరిగే అసలు ఎన్నికకు వచ్చేవాళ్లతో పోలిస్తే ప్రైమరీకి వచ్చేవాళ్లు చాలా తక్కువ. కాకస్‌కైతే చలికాలం సాయంత్రం ఇల్లు కదిలి సభకు వెళ్లి కూర్చోవాలి. అంటే వచ్చే జనం ఎవరో తెలియకుండానే వాళ్లలోంచి శాంపిల్ తీయాలి. మనం క్లాసులో చెప్పుకునే మూడు శాతంలో ఈ కష్టం లెక్కకే రాదు.

పైగా రాష్ట్రానికో పద్ధతి. పెన్సిల్వేనియాలో ఆ పార్టీ కింద పేరు నమోదు చేసుకున్నవాళ్లే ఆ పార్టీ ప్రైమరీలో వేయాలి. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ పేరే ఉండదు, ఆ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడగవచ్చు. న్యూహాంప్‌షైర్‌లో ఏ పార్టీకీ చెందనివాళ్లు రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. 2008లో ఆ స్వతంత్ర ఓటర్ల కోసం అటు రిపబ్లికన్ మెకెయిన్, ఇటు డెమొక్రాట్ ఒబామా ఇద్దరూ పోటీపడ్డారు.

ఆ ఏడాది జనవరి 3న అయోవాలో ఒబామా గెలిచాడు. 8న న్యూహాంప్‌షైర్. మధ్యలో ఉన్నది నాలుగే రోజులు. సర్వేలు సగటున ఎనిమిది పాయింట్ల దాకా ఒబామాకు ఆధిక్యం చూపించాయి. గెలిచింది హిల్లరీ క్లింటన్. ఆమెకు 39 శాతం, ఒబామాకు 36 శాతం. ఆ దేశపు అభిప్రాయ పరిశోధకుల సంఘం కమిటీ వేసి, సర్వే సంస్థల నుంచి దత్తాంశం తెప్పించుకుని పరిశీలించింది. అందులో ఒక మాట నాకు కళ్లకు కట్టినట్టు అర్థమైంది. ఎక్కువ ప్రయత్నం చేస్తే గానీ దొరకని ఓటర్లు క్లింటన్ వైపు ఎక్కువ మొగ్గారట. సర్వేలు తొందరలో దొరికినవాళ్లతో సరిపెట్టుకున్నాయి.

అనంతపురం జిల్లా పల్లెలో ఇదే జరుగుతుంది. గుడి దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపు ప్రతి అయిదో ఇంటికీ వెళ్లాలని నియమం. పదకొండు గంటలకు వెళ్తే తలుపు తీసేది ముసలివాళ్లు. వేరుశనగ పీకే రోజుల్లో ఆడవాళ్లు తెల్లవారేసరికే టిఫిన్ క్యారియర్లు పట్టుకుని ఆటో ఎక్కేసి ఉంటారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన “నన్ను అడుగమ్మా, మా ఇంట్లో అందరి ఓటూ ఒకటే” అంటాడు. ఫారం నిండుతుంది, సాయంత్రానికి లెక్క పూర్తవుతుంది. పొలంలో ఉన్న ఆమె ఓటు మాత్రం అందులో ఉండదు. ఆమె ఓటు ఆయన ఓటూ ఒకటేనని ఎవరు చెప్పారు?

మిచిగన్ గొడవ ఇంకో రకం. 2016 మార్చి 8కి ముందు సర్వేల్లో క్లింటన్ దాదాపు 20 పాయింట్లు ముందుంది. ఆమెతో పోటీపడిన బెర్నీ సాండర్స్ ఒకటిన్నర పాయింటు తేడాతో గెలిచాడు. ఎవరు ఓటేయడానికి వస్తారో అంచనా వేయడానికి పాత ప్రైమరీ చూస్తారు కదా, 2008లో అక్కడ జరిగిన డెమొక్రాటిక్ ప్రైమరీ సక్రమమైనది కాదు. తేదీ విషయంలో పార్టీకీ రాష్ట్రానికీ తగాదా వచ్చి, ఒబామా తన పేరు బ్యాలెట్ నుంచి తీయించుకున్నాడు. పోల్చి చూసుకోవడానికి సరైన పాత లెక్క లేకుండా పోయింది.

ఇంకొకటి కూడా గుర్తుంచుకో. ఫోనులో జవాబు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. ప్యూ పరిశోధన సంస్థ 1997లో నూటికి 36 మందితో మాట్లాడగలిగింది, 2018కి ఆరుగురితోనే. మిగతా తొంభై నలుగురి బదులు ఆ ఆరుగురికి వయసు, చదువు, జాతి ప్రకారం బరువులు వేసి, అంటే ఎవరి జవాబుకు ఎంత విలువో లెక్కగట్టి, సరిచేస్తారు. ఆ పని నిజాయతీగా చేసేవాళ్లంటే నాకు గౌరవం. కానీ ఎలా చేశారో చెప్పని సర్వేను నీ ప్రాజెక్టులో వాడకు.

దేశం మొత్తం మీద సర్వేలో ముందున్నవాడే చివరికి అభ్యర్థి అవుతాడా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నంద్యాల

2007లో దాదాపు ఏడాదంతా రిపబ్లికన్లలో రూడీ జూలియానీ ముందున్నాడు మాస్టారూ. ఓట్లు మొదలయ్యాక ఒక్క రాష్ట్రమూ గెలవలేదు, అభ్యర్థి అయింది మెకెయిన్. ప్రైమరీలు దేశమంతా ఒకేరోజు జరగవు. ఒక రాష్ట్రం ఫలితం చూసి తర్వాతి రాష్ట్రం మనసు మార్చుకుంటుంది. 2020లో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానం. ఫిబ్రవరి 29న దక్షిణ కరోలినా గెలిచాక మూడు రోజుల్లో కథ మారిపోయింది.

సర్వేలో శాతం రాలేదని కొందరు అభ్యర్థులను టీవీ చర్చకే పిలవరట. నిజమేనా?
– ఒక న్యాయవాది, అనంతపురం

నిజమే. నాకు కోపం తెప్పించేది ఇదే.

2015లో రిపబ్లికన్ల మొదటి చర్చకు అయిదు జాతీయ సర్వేల సగటు తీసి, మొదటి పది మందిని ప్రధాన వేదిక ఎక్కించారు. మిగతావాళ్లను అంతకుముందు జరిపిన వేరే చర్చకు పంపారు. పదో స్థానానికీ పదకొండో స్థానానికీ ఉన్న తేడా ఒకటిన్నర శాతం కన్నా తక్కువ. 2019లో డెమొక్రాట్లు మొదటి చర్చకు పెట్టిన నియమం: మూడు సర్వేల్లో కనీసం 1 శాతం రావాలి, లేదా 65,000 మంది చందా ఇచ్చి ఉండాలి. నాలుగు వందల మందిని అడిగిన సర్వేలో 1 శాతం అంటే నలుగురు మనుషులు. ఆ సాయంత్రం ఇద్దరు ఫోను ఎత్తకపోతే అభ్యర్థికి వేదిక లేదు.

మోంటానా గవర్నర్ స్టీవ్ బుల్లక్‌కు ఆ ఏడాది జరిగింది చూడండి. ఒక సర్వే అభ్యర్థుల పేర్లు చదివి వినిపించకుండా, మీ మనసులో ఎవరున్నారో మీరే చెప్పండి అని అడిగింది. అందులో ఆయనకు 1 శాతం వచ్చింది. పేరు వినిపించకుండానే ఓటరు తలచుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. పార్టీ మాత్రం అలా అడిగిన సర్వే లెక్కలోకి రాదని తేల్చింది. ఆయన జూన్ చర్చకు దూరమయ్యాడు.

సర్వే అంటే జనం మనసు తెలుసుకునే సాధనం. దాన్నే గుమ్మం దగ్గర కాపలా పెడితే, జనం ఇంకా విననివాడిని విననివ్వకుండానే పంపేస్తుంది. వేదిక లేక పేరు తెలియదు, పేరు తెలియక శాతం రాదు. అభ్యర్థులు ఇరవై మంది ఉన్నప్పుడు చర్చ ఎలా నడపాలన్న ఇబ్బంది నాకు తెలుసు. చీట్లు వేసి రెండు రాత్రులకు సమానంగా పంచండి. ఒక శాతంలో లేని ఖచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించడం కన్నా అది నయం.

ఎన్నికల ముందు సర్వేలు పూర్తిగా నిషేధిస్తే పీడ పోదా?
– ఒక పాఠకుడు, కడప

వద్దండి. మన ప్రజాప్రాతినిధ్య చట్టంలో కొంత అదుపు ఉంది. పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటల్లో అభిప్రాయ సర్వేలు చూపించకూడదు. సెక్షన్ 126ఎ ప్రకారం, మొదటి దశ పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి దశ ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్స్ చెప్పకూడదు. అమెరికాలో వాక్ స్వాతంత్ర్యం కింద అలాంటి నిషేధం నిలవదు. ఓటింగ్ ముగిసేదాకా ఆగాలన్నది అక్కడి టీవీ సంస్థలు తమకు తామే పెట్టుకున్న కట్టుబాటు. నిషేధిస్తే పార్టీలు సర్వేలు మానవు, మనకు చూపించకుండా చేయించుకుంటాయి. అప్పుడు తెలిసినవాడికి అన్నీ తెలుస్తాయి, ఓటరుకు పుకార్లు మిగులుతాయి.

డిగ్రీ చదివి, ఇంటింటికీ తిరిగి సర్వే ఫారాలు నింపే పని చేస్తున్నాను. మా పని మీద నమ్మకం పెరగాలంటే నేనేం చేయగలను?
– ఒక యువతి, గుంతకల్లు

తల్లీ, నీ చేతిలో ఉన్నది చాలా పెద్ద పని. 2020 ఫిబ్రవరి 1న, అయోవా కాకస్‌కు రెండు రోజుల ముందు, అక్కడ అందరూ ఎదురుచూసే ‘డెమోయిన్ రిజిస్టర్’ పత్రిక సర్వే బయటికి రావాలి. టీవీ కార్యక్రమం కూడా సిద్ధం. ఫోనులో అడిగిన పేర్లలో పోటీలో ఉన్న పీట్ బూటిజెజ్ పేరు లేదని ఒక ఫిర్యాదు వచ్చింది. ప్రశ్నలు చదివే ఆపరేటర్ తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకోవడంతో జాబితాలో ఒక పేరు కనిపించకుండా పోయి ఉండవచ్చని వార్తలు వచ్చాయి. ఒక్క కాల్‌లోనా, మరికొన్నింటిలోనా అన్నది తేలలేదు. సర్వే మొత్తాన్ని ఆపేశారు. అంత డబ్బూ శ్రమా పోసిన అంకెలను పక్కన పెట్టడానికి ధైర్యం కావాలి. అందుకే ఆ సర్వే చేసిన సంస్థను నడిపిన ఆన్ సెల్జర్‌ను నేను గౌరవిస్తాను.

నువ్వు కూడా పేర్లన్నీ చదువు, ప్రతి ఇంట్లో వరస మార్చి చదువు. మొదట విన్న పేరుకు కొంత మొగ్గు ఉంటుంది. మెడలో ఏ పార్టీ రంగు కండువా గానీ, చేతిలో ఆ రంగు సంచీ గానీ ఉండకూడదు. వీధి చివర నాయకుడు వెంట వస్తానంటే వద్దని చెప్పు. భార్య బదులు భర్త జవాబు చెబితే ఆ ఫారం నింపకు. ఆమె పొలం నుంచి ఎన్నింటికి వస్తుందో రాసుకుని మళ్లీ వెళ్లు, ఆమెతో విడిగా మాట్లాడు. ఒకే ఇంటికి రెండుసార్లు తిరగడానికి వాళ్లిచ్చే డబ్బు చాలకపోతే ఆ మాట సూపర్‌వైజరుకు కాగితం మీద రాసి ఇవ్వు, నకలు నీ దగ్గర ఉంచుకో.