71 శాతం అంటే గెలిచినట్టేనా?

ప్రశ్న: 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికలో హిల్లరీ క్లింటన్ గెలుపునకు 71 శాతం అవకాశముందన్న, ఎన్నికల అంచనాల వెబ్‌సైట్ ఫైవ్‌థర్టీఎయిట్ లెక్క తప్పినట్టే కదా?

జవాబు: అలా తేల్చేయలేం. 71 శాతం ఓట్ల వాటా కాదు. సర్వేల సగటుకు, అవి గతంలో ఎంత తప్పాయన్న లెక్కను జోడించి, ఎన్నికను కంప్యూటర్‌లో వేలసార్లు జరిపిస్తే ఆమె గెలిచిన సార్ల నిష్పత్తి. పదింట మూడుసార్లు జరిగేదాన్ని వింత అనం కదా! అసలు కిటుకు వేరే ఉంది: విస్కాన్సిన్ రాష్ట్రంలో సర్వేలు ఒకవైపు తప్పితే, అటువంటి ఓటర్లే ఉన్న మిషిగన్, పెన్సిల్వేనియాల్లోనూ అదే వైపు తప్పే అవకాశం ఎక్కువ. ఫలితాన్ని తేల్చిన ఈ మూడు రాష్ట్రాల్లో కలిపి, గెలిచిన ట్రంప్ ఆధిక్యం దాదాపు 78 వేల ఓట్లే. ఈ ఉమ్మడి పొరపాటును తక్కువగా లెక్కగట్టి, క్లింటన్‌కు 99 శాతం దాకా గెలుపు అవకాశం ఇచ్చిన ఇతర అంచనా లెక్కలనే నిలదీయాలి.