హాస్పిటల్ నుంచి తెచ్చిన బట్టల మూట ఇంట్లో ఎలా విప్పాలి?

మామగారు విరేచనాలతో వారం రోజులు హాస్పిటల్లో ఉండి వచ్చారు, లుంగీలు, దుప్పటి, ఫోను అన్నీ ఒకే కవర్లో కట్టిచ్చారు, అలాగే మెషిన్లో వేసేయొచ్చా అని అడిగారు కదా అక్కా, దయచేసి వేసేయకండి.

పోయినేడాది మా నాన్నని ఇక్కడే హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్లో 11 రోజులు ఉంచాం, డిశ్చార్జ్ రోజు వాళ్లూ ఇలాగే అన్నీ ఒక నల్ల కవర్లో కుక్కి చేతిలో పెట్టారు, ఏది ఖరాబైందో ఒక్క మాట చెప్పలేదు. కూకట్‌పల్లిలో ఇంటికొచ్చాక అమ్మ అలవాటు కొద్దీ బాల్కనీలో దుప్పటి దులపబోతే మా చిన్నమ్మ గట్టిగా అరిచింది, ఆమె స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయింది. దులిపితే ఎండిన వాంతి, మలం అంతా గాల్లోకి లేచి మన మీదే పడుతుందంది. తర్వాత అమ్మ నాన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టబోతుంటే ఆపి, జేబుని బయటినుంచే పట్టుకుని బకెట్ మీద తిరగేసింది, షుగర్ టెస్టుకి వేలికి గుచ్చే సూది (లాన్సెట్) ఒకటి, మూత లేకుండా టక్కున పడింది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, వార్డులోనే ఇచ్చొచ్చాం.

మీరు గ్లౌజులు, మాస్కు వేసుకుని, మూటని ఒంటికి ఆనించుకోకుండా బాత్రూంకి తీసుకెళ్లండి. గట్టి మలం ఉంటే పాత అట్టముక్కతో కమోడ్‌లోకి తీసేయాలి, పైపుతో జోరుగా కొడితే చిమ్ముతుంది. రక్తం మరకలుంటే ముందు చన్నీళ్లే, వేడినీళ్లు పోస్తే మరక పట్టేసుకుంటుంది. ఆ తర్వాత సర్ఫ్ వేసి, మెషిన్లో 60 డిగ్రీల హాట్ వాష్, ఇంట్లోవాళ్ల బట్టలు కలపకుండా. హాట్ వాష్ లేకపోతే సబ్బుతో ఉతికాక, 10 లీటర్ల నీళ్లలో 4 శాతం బ్లీచ్ లిక్విడ్ 125 మి.లీ. కలిపి అరగంట నానబెట్టి, బాగా జాడించి ఎండలో ఆరేయండి, ముందే ఉతకాలి ఎందుకంటే మురికి ఉంటే బ్లీచ్ బలం తగ్గిపోతుంది. రంగులు మాత్రం పోతాయి. ఇంకోటి, బ్లీచ్ పక్కన బాత్రూం యాసిడ్ అస్సలు వాడొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు.

ఫోను ఆపేసి, పౌచ్ తీసి సబ్బుతో కడిగేయండి, ఫోన్ని 70 శాతం ఆల్కహాల్ వైప్‌తో తుడవండి. గ్లౌజులు తీశాక చేతులు సబ్బు నీళ్లతోనే కడుక్కోవాలి, విరేచనాలు తెప్పించే కొన్ని క్రిములకి శానిటైజర్ సరిగ్గా పనిచేయదు, చిన్నమ్మ దీని గురించే పదిసార్లు చెప్పింది.

మళ్లీ అడ్మిట్ చేయాల్సొస్తే రక్తం అంటిన దూది, కట్లు ఇంటికి తేకండి, అవి వార్డులో పసుపు కవర్లోనే వేయాలి, సిస్టర్‌ని అడిగితే చూపిస్తారు. ఇంతకీ మీ మెషిన్లో హాట్ వాష్ ఉందా లేదా, ఆయన దుప్పటి ఉన్నిదా కాటన్‌దా చెప్పండి అక్కా, ఉన్నిదైతే బ్లీచ్ పెట్టకూడదు.