ట్రాఫిక్‌లో ఆగితే ఇంజన్ హీటెక్కుతోంది

ప్రశ్న: సార్, మా డీజిల్ పికప్‌లో మిర్చి లోడేసుకుని గుంటూరు యార్డుకి వస్తుంటే హైవేలో బానే ఉంటది, ట్రాఫిక్‌లో ఆగితే చాలు టెంపరేచర్ ముల్లు పైకెళ్తోంది, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మార్చినా అంతే, మెకానిక్కేమో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) పోయిందంటున్నాడు.

జవాబు: అప్పుడే హెడ్ విప్పించకండి. బండి పరిగెడుతుంటే రేడియేటర్‌కి గాలి దానంతటదే తగులుద్ది, ఆగితే ఫ్యానే లాగాలి, కాబట్టి ముందు అనుమానం దాని మీదే. బెల్టుతో తిరిగే ఫ్యానైతే బెల్ట్ లూజుందేమో చూడండి, తర్వాత ఇంజన్ ఆపేసి చేత్తో ఫ్యాన్ తిప్పండి, కాస్త బిగువుగా కదలాలి, గిరగిరా తిరిగిందంటే ఫ్యాన్ క్లచ్ (ఫ్యాన్‌ని ఇంజన్‌తో పాటు పట్టి తిప్పేది) పోయినట్టే. కరెంట్ ఫ్యానైతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంట్ వదిలే స్విచ్చు) చూడాలి. గ్యాస్కెట్ పోతే మామూలుగా కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) తగ్గుతుంటది, తెల్లపొగ వస్తది, లేదా ఆయిల్ పాలటీ రంగుకొస్తది. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయొద్దు, మొహం కాలుద్ది.